బారా మూరా జానా

మా నాన్నను తలచుకుంటే ముందుగా నా చెవిలో పడేది ఓడ ముక్కు మీద నిలబడి నీటి లోతు చెప్పే ఆయన కేక. సీసపు గుండు కట్టిన తాడును కుడిచేత్తో గిరగిరా తిప్పి ముందుకు విసిరి, గుండు నేల తాకిన క్షణంలో తాడు బిగువును వేళ్ళతోనే పసిగట్టి, "బారన్నరా... బారన్నరా..." అని రాగంగా పలికేవారు. వెనక చుక్కాని దగ్గర ఉన్న మా తాతయ్య ఆ రాగాన్ని బట్టే ఓడను ఎటు తిప్పాలో నిర్ణయించేవారు. కేకలో చివరి అక్షరం సాగితే నీరు పెరుగుతోందని, తుంచినట్టు ఆగితే నేల దగ్గరవుతోందని అర్థం. తండ్రీకొడుకులు ఇంట్లో ఒకరితో ఒకరు రోజుకు పది మాటలు మాట్లాడుకునేవారు కాదు. ఓడ మీద మాత్రం ఒకరి గొంతు ఒకరికి కన్నులా పనిచేసేది.

మాది తాళ్లరేవు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే 216వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో కూర్చున్నవారికి అది కొద్ది నిమిషాల్లో దాటిపోయే ఊరు. గౌతమి నుంచి విడిపోయిన కోరంగి పాయ ఒడ్డున మా ఇల్లు ఉండేది. ఇంటి అరుగు మీద నిలబడితే పాయలో కట్టిన ఓడల కొయ్యలు కొబ్బరిచెట్ల మధ్యనుంచి కనిపించేవి. కొబ్బరిచెట్టు గాలికి ఊగుతుంది, ఓడ కొయ్య నీటికి ఊగుతుంది, రెండింటి ఊపూ వేరు అని మా నాయనమ్మ నాకు మూడేళ్ళ వయసులోనే చూపించిందట.

కాకినాడ రేవులో ఇలాంటి ఓడలను ధోనీలు అనేవారు. మా ఇంట్లో దాన్ని 'పెద్దోడ' అనేవాళ్ళం. ఓడ వెనక చెక్క మీద అమ్మవారి పేరు తెల్లరంగుతో రాసి ఉండేది కానీ, ఆ పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. అమ్మవారి పేరును సరుకు లెక్కల్లోనూ, తగాదాల్లోనూ వాడకూడదన్నది తాతయ్య నియమం.

పెద్దోడ పొడవు సుమారు ఎనభై అడుగులు, వెడల్పు ఇరవై రెండు, లోతు పది. డెబ్బై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు వేలు పట్టేవి, అంటే నూటయాభై టన్నులన్నమాట. అయితే తాతయ్య ఓడను టన్నుల్లోనూ అడుగుల్లోనూ చెప్పేవారు కారు. ఖాళీగా ఉంటే అది మూడు మూరల నీటిలో నిలుస్తుందని, నిండా సరుకు వేస్తే దానికి 'బారా మూరా జానా' నీరు కావాలని చెప్పేవారు. రెండు చేతులూ చాపితే బార, అంటే ఆరడుగులు. బారకు నాలుగు మూరలు. మూరకు రెండు జానలు. అన్నీ కలిపితే ఎనిమిదింపావు అడుగులు. మా కుటుంబం మూడు తరాలపాటు ఆ ఎనిమిదింపావు అడుగుల నీటి కోసమే బతికింది, బెంగపడింది. పెద్దోడ చరిత్ర చెప్పడమంటే ఆ నీటి చరిత్ర చెప్పడమే.

ఓడను కట్టించింది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు. ఒక్కరి సొత్తుతో అయ్యే పని కాదు గనుక తాతయ్య, ఆయన బావమరిది, ఒక ధాన్యం వర్తకుడు, ఇంకొక కొబ్బరి వ్యాపారి పదహారణాలనూ వాటాలుగా పంచుకున్నారు. తాతయ్యవి ఆరణాలు. టేకు దుంగలు భద్రాచలం వైపు అడవుల నుంచి తెప్పలుగా గోదావరిలో రాజమండ్రికి వచ్చేవి. అక్కడ కలప అడితుల్లో ఏరి కొన్నవాటిని ధవళేశ్వరం లాకు దాటించి, కాలువల మీదుగా మా ఊరి దాకా తేలుస్తూ తెచ్చారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటినుంచి మా డెల్టా కాలువలు పొలాలకు నీరు ఇవ్వడంతోపాటు పడవలకు దారి కూడా ఇచ్చాయి. అందుకే అడవిలో కొట్టిన మాను సముద్రపు ఒడ్డుకు వచ్చేదాకా బండి చక్రం ఎక్కవలసిన అవసరం ఉండేది కాదు.

ఓడమేస్త్రీ మా ఊరివాడే. కాగితం మీద గీత గీయడం ఆయన ఎరగడు. గాట్లు పెట్టిన ఒక కొలకర్ర, సున్నం పూసిన నూలు తాడు, ఒక తూకపు గుండు, ఇవే ఆయన నక్షా. వెన్నుదూలాన్ని నేల మీద పరిచిన రోజున తాతయ్యను పిలిచి, "ఏ నీళ్ళకండీ?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. తాతయ్య "బారా మూరా జానా మించకూడదు మేస్త్రీ" అన్నారట. అంతే, మిగిలిన కొలతలన్నీ ఆ ఒక్క మాటలోనుంచి పుట్టాయి. లోతు తక్కువ కావాలంటే అడుగు చదునుగా ఉండాలి, అడుగు చదునైతే వెడల్పు పెరగాలి, వెడల్పు పెరిగితే కొయ్య ఎత్తు ఎంత, తెరచాప బరువెంత అని ఆయన మనసులోనే లెక్కకట్టుకున్నాడు. చదునైన అడుగుకు ఇంకో గుణం కూడా ఉంది. పాటు తీసి నీరు తగ్గినప్పుడు ఓడ బురదలో ఒక పక్కకు ఒరగకుండా, పీట మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటుంది.

పక్కటెముకల్లాంటి వంపు కర్రల కోసం మేస్త్రీ తుమ్మచెట్లను చూసుకుంటూ చేలగట్ల వెంట నెలల తరబడి తిరిగాడని నాన్న చెప్పేవారు. వంచిన కర్ర ఎప్పటికైనా నిటారు కావాలని చూస్తుంది, చెట్టు మీదే వంగి పెరిగిన కర్ర అయితే ప్రాణం పోయినా వంపు వదలదు అన్నది ఆయన మాట. అందుకని ప్రతి కొమ్మనూ చూసి, ఇది ఓడలో ఎక్కడ కూర్చుంటుందో చెట్టు మీద ఉండగానే సున్నంతో గుర్తు పెట్టేవాడట. పలకలను తడిపి, బురద పూసి, కింద మంట పెట్టి మెల్లగా వంచేవారు. సందుల్లో నూలు దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలంతో మూసేవారు. గుగ్గిలం కాగుతున్న రోజు ఊరంతా గుడిలో సాంబ్రాణి వేసినట్టు వాసన వచ్చేదట. నా చిన్నతనంలో ఏటా మరమ్మతులప్పుడు నేనూ ఆ వాసన పీల్చాను. ఇప్పటికీ ఏ గుడిలోనైనా ధూపం వేస్తే నాకు కోరంగి పాయ గుర్తుకొస్తుంది.

ఓడను నీటిలోకి దించింది ఒక పున్నమి పోటుకు. తాటిమొద్దులు వరుసగా పరిచి, వాటి మీద ఆముదం పోసి, గుమ్మడికాయ కొట్టి, ఊరు ఊరంతా తాళ్ళు పట్టి లాగింది. అప్పటికి పద్నాలుగేళ్ళున్న మా నాన్న ఓడ ముక్కు మీద నిలబడి ఉన్నారు. ఆయన చేతికి సీసపు గుండు అందినది ఆ రోజే.

ఓడలు కట్టడం మా ప్రాంతానికి కొత్త విద్య కాదు. నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీవారు ఓడలు కట్టించుకునేవారు. ఆ ఊరి పేరే మడపొల్లం బట్టగా దేశదేశాలకు పోయింది. ఆ తరువాతి కాలంలో పేరు కోరంగిది. మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఒడ్డును తవ్వి గొయ్యి చేసి, పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను లోపలికి తెచ్చి, మొగను మట్టికట్టతో మూసి, నీరు తోడేసి మరమ్మతు చేసేవారు. పని అయిపోయాక కట్ట తెగ్గొడితే ఓడ మళ్ళీ తేలేది. ఇటుకా రాయీ లేకుండా మట్టితోనే ఓడలకు వైద్యశాల కట్టారు మావాళ్ళు. దీనికి తోడు గోదావరి ఇంకొక మేలు చేసేది. సముద్రపు నీటిలో చెక్కను తొలిచే పురుగు ఒకటి ఉంటుంది, ఎంతటి ఓడ అడుగునైనా జల్లెడ చేస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు దిగి పాయలో ఉప్పు విరిగిపోగానే ఆ పురుగు చచ్చేది. అందుకే వరద నెలల్లో తాతయ్య పెద్దోడను సముద్రం మీదికి పంపకుండా పాయలోనే ఉంచేవారు. "గోదారమ్మ చేత ఒళ్ళు కడిగిస్తున్నాం" అనేవారు.

కోరంగిని పైకి తెచ్చినదీ నీరే, ముంచినదీ నీరే. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనలో సముద్రం మూడు అలలుగా ఊరి మీదికి వచ్చిందని, నది మొగలో లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టూ ఉన్న మైదానంలోకి కొట్టుకువచ్చాయని, ఇరవై వేలమంది పోయారని రాసిపెట్టారు. యాభై ఏళ్ళకు, 1839 నవంబరు 25న, వికారి నామ సంవత్సరంలో ఇంకొక ఉప్పెన వచ్చింది. దానిలో మూడు లక్షలమంది పోయారని పుస్తకాలు చెబుతాయి. ఆ అంకె నిజంగా అంతేనా అని శంకించేవారూ ఉన్నారు. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టను తలపించే గ్రీకు మాటలోనుంచి 'సైక్లోన్' అనే పేరు పుట్టించి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో అచ్చువేశాడు. ఆ తుఫానుల శాస్త్రం కోసం ఆయన పోగుచేసుకున్న వృత్తాంతాల్లో మా కోరంగి ఉప్పెన ఒకటి. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట వెనక మా ఊరివాళ్ళ చావులు కూడా ఉన్నాయన్న సంగతి మా డెల్టాలో ప్రతి పిల్లవాడికీ బడిలో చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే కోరంగి రేవును చంపింది ఉప్పెనలు మాత్రమే అనుకోకూడదు. ఉప్పెన ఒక్క రాత్రి చేసిన పనిని గోదావరి ఏడాది పొడుగునా నెమ్మదిగా చేస్తూ పోయింది. కొండల మీదినుంచి తెచ్చిన మట్టినంతా మొగల్లో దింపి, పాయలను పూడ్చి, సముద్రంలోకి ఇసుక తిన్నెను చాచింది. ఆ తిన్నెనే ఈనాడు హోప్ ఐలాండ్ అంటున్నారు. అది అడ్డుగా నిలవడంతో దాని వెనక కాకినాడ సముద్రం చెరువులా ప్రశాంతమైంది. అమెరికా అంతర్యుద్ధం నడిచిన 1861-65 కాలంలో పత్తికి గిరాకీ పెరిగేసరికి కాకినాడ పెద్ద రేవైంది. ఒక ఊరి నోటిలో పోసిన మట్టితోనే ఇంకొక ఊరికి కోటగోడ కట్టింది నది. దీన్ని తప్పనాలో ఒప్పనాలో తాతయ్యకు ఎప్పుడూ తెలియలేదు. ఆయనకు తెలిసిందల్లా మొగలో ఏటేటా జాన చొప్పునో బెత్తెడు చొప్పునో నీరు తగ్గుతోందన్నది.

తాతయ్యవాళ్ళ నాన్న కాలంలో ఓడలన్నీ రంగానికి పోయేవి. రంగూనును మావాళ్ళు 'రంగం' అనేవారు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. ఎక్కడి శ్రీకాకుళం మనిషైనా అక్కడికి పోతే మా ఊరివాడైపోయేవాడు. పెద్దోడ రంగానికి వెళ్ళింది మాత్రం నాలుగైదు సార్లే. 1942 మార్చిలో రంగూను జపానువాళ్ళ చేతికి పోయింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ కబురు తెలిసిన గంటలోనే తాతయ్య పెద్దోడ తెరచాపలు దించేసి, పోటు ఎక్కగానే మడ అడవిలోని ఒక చీలిక పాయలోకి నెట్టించి, కొయ్యకు మడకొమ్మలు కట్టించారు. నెలన్నర అక్కడే ఉంది. అంతకు రెండేళ్ళ ముందే, 1940లో, కాకినాడ నుంచి కోటిపల్లి పోయే రైలుపట్టాలను యుద్ధం పేరుతో పీకేశారు. రైలు పోయిన ఊళ్ళలో పడవలకూ ఓడలకూ కొన్నేళ్ళు చేతినిండా పని దొరికింది. పెద్దోడ వాటాదారులు నాలుగు డబ్బులు కళ్ళజూసింది ఆ సమయంలోనే.

నాకు ఊహ తెలిసేటప్పటికి పెద్దోడ కోస్తా వెంట తిరిగేది. ఉప్పు, బియ్యం, కొబ్బరికాయలు, కొబ్బరి పీచు, పెంకులు, ఏది దొరికితే అది. కార్తీకంలో తుఫానుల భయం ఉండేది గనుక ఆ నెలలో గట్టు దిగేవారు కాదు. పుష్యమాసంలో ఈశాన్యపు గాలి నిలకడ పట్టాక మద్రాసు వైపు, మాఘం దాటి దక్షిణపు గాలి తిరిగాక, తీరం వెంట నీటి వాలు కూడా ఉత్తరానికి మళ్ళాక, విశాఖ మీదుగా కలకత్తా వైపు. గాలికి ఎదురు పోవడం పెద్దోడకు చేతకాదు. పోయే గాలి కోసం కాచుకోవడమే దాని విద్య.

ఓడ మీద సరంగుతో కలిపి పదకొండుమంది. ఇసుక పోసిన కొయ్యపెట్టెలో పొయ్యి. మంచినీళ్ళు రెండు పీపాలు. వంటకుర్రాడు తెల్లవారగానే గంజి కాచేవాడు, మధ్యాహ్నం అన్నంలోకి ఎండుచేప పులుసు. గుండు విసిరే పని రేవు మొగలోనే కాదు, తీరం వెంట పోతున్నంతసేపూ ఉండేది. మా డెల్టా తీరానికి కొండ లేదు, గుట్ట లేదు. విశాఖ దగ్గరైతే డాల్ఫిన్ నోస్ కొండ ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. గోదావరి మొగల దగ్గర తాటిచెట్ల తలలు కనిపించేసరికే ఓడ అడుగు నేలకు దగ్గరైపోతుంది. అందుకని సీసపు గుండు అడుగున చిన్న గుంట ఉండేది, దానిలో కొవ్వు మెత్తేవారు. గుండు నేల తాకి పైకి వచ్చేటప్పుడు ఆ కొవ్వుకు అక్కడి మట్టి అంటుకుని వచ్చేది. నాన్న దాన్ని వేలితో నలిపి, వాసన చూసి, ఒక్కొక్కప్పుడు నాలుకకు తాకించి, "నల్ల ఒండ్రండీ, గౌతమిది" అనో, "ఇసక గరుకండీ, ఇంకా పైనున్నాం" అనో చెప్పేవారు. చీకటి రాత్రి, దీపస్తంభం వెలుగు అందని చోట, ఒక మనిషి వేలికొసను నమ్ముకుని పదిమంది నిద్రపోయేవారు. ఆ వేలు పట్టుకుని నేను నడక నేర్చుకున్నానని తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నాకు పదకొండేళ్ళు వచ్చిన ఏడాది, 1960 వేసవి సెలవుల్లో, ఒకే ఒక్కసారి పెద్దోడ మీద మొగ దాటడానికి తాతయ్య ఒప్పుకున్నారు. కాకినాడ లంగరు దాకా వెళ్ళి, అక్కడినుంచి నావలో తిరిగి రావాలన్నది ఒప్పందం. అప్పటికే మొగలో నీరు చాలక పాయలో సగం సరుకే ఎత్తి, మిగిలిన సగం కాకినాడ లంగరులో నావల మీదినుంచి ఎక్కించుకునేవారు. ఆ రోజు ఉప్పు. పున్నమి వెళ్ళిన మర్నాడు. పోటు వేళను తాతయ్య తిథిని బట్టి చెప్పేవారు. ఇవాళ్టి పోటు వేళకు రెండు ఘడియలు కలిపితే రేపటి పోటు వేళ వస్తుంది, పంచాంగం ఉంటే గడియారం ఎందుకని ఆయన వాదన. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజున ఆలస్యమైంది లెక్కలో కాదు, సరుకు బండ్లు రావడంలో. లంగరు ఎత్తేసరికి పోటు నిండి పాటు మొదలైంది.

నేను నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "బారన్నరా... బారన్నరా..." అని కొంతసేపు సాగింది. మడచెట్లు రెండు పక్కలా వెనక్కి జరిగి ముందు తెల్లని నురుగు గీత కనిపించింది. "బారా మూర... బారా మూర..." అన్నారు నాన్న. సగం సరుకుతో ఉన్న ఓడకు ఆ నీరు చాలు. మరు విసురుకు ఆయన "బార!" అని తుంచేశారు. ఆ కేక విన్న తాతయ్య చుక్కానిని తిప్పేలోపే నా కింద చెక్క మూలిగింది. దెబ్బ తగలలేదు, ఎవరూ పడిపోలేదు. ఎవరో మెత్తని చేత్తో పట్టి ఆపినట్టు ఓడ ఆగిపోయింది. నేల పట్టింది.

తాతయ్య గొంతు ఎత్తలేదు. "తెరచాప దించండి" అన్నారు, ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నీరు తగ్గుతూ తగ్గుతూ ఓడ చుట్టూ ఇసుక తేలింది. మేస్త్రీ కట్టిన చదును అడుగు తన మాట నిలబెట్టుకుంది, ఓడ ఒరగలేదు. సాయంత్రం ఎండలో కళాసీలు ఇసుక మీదికి దిగి ఓడ చుట్టూ తిరిగి పలకలు తట్టి చూశారు. నాన్న నన్ను భుజాల మీద దించారు. నేను అప్పటిదాకా పైనుంచి చూసిన ఓడను మొదటిసారి కింద నిలబడి చూశాను. అడుగు పలకల మీద సొరనూనె నలుపు, దాని మీద ఆల్చిప్పలు, సందుల్లో గుగ్గిలం గీతలు. తుమ్మకొమ్మల మీద సున్నపు గుర్తులు పెట్టుకుంటూ తిరిగిన మేస్త్రీ అప్పటికి చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన చేతి పని నా తల మీద గోపురంలా నిలిచి ఉంది. అంత పెద్దదాన్ని మోసే నీరు ఎక్కడికి పోయిందా అని నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. నాన్న నా చేతిని పలక మీద పెట్టి, "దీనికి నీళ్ళు తప్ప ఇంకేం అక్కర్లేదురా. వస్తాయి, చూడు" అన్నారు.

మళ్ళీ పోటు అర్ధరాత్రి దాటాక. ఆలోపు పాయలోనుంచి వచ్చిన రెండు నావల్లోకి కొన్ని వందల బస్తాలు దించారు. చిన్న పడవలో లంగరు ఎక్కించుకుని ముందు లోతులోకి తీసుకుపోయి వదిలారు. ఆ లంగరు తాడును ఓడ మీది కొయ్యమరకు చుట్టి, నీరు ఎక్కడం మొదలైనప్పటినుంచి అందరూ కలిసి మర తిప్పుతూనే ఉన్నారు. వెన్నెల పగటిలా ఉంది. తాతయ్య ఒక్కరే చుక్కాని దగ్గర కూర్చుని అరచేతిని చెక్క మీద ఆనించి ఉన్నారు. నీరు వచ్చింది కళ్ళకు కనబడకముందే ఆయన చేతికి తెలిసింది. "కదులుతోందర్రా" అన్నారు. ఆ తరువాత చెక్క మళ్ళీ మూలిగింది, ఈసారి నిద్రలో ఒత్తిగిల్లిన మనిషిలా. నాన్న ముక్కు మీదికి పరుగెత్తారు. "బారా మూరా... బారా మూరా జానా... బారన్నరా!" ఆ చివరి కేక ఎంత సాగిందంటే, సముద్రం అవతలి ఒడ్డున ఉన్నవారికి కూడా వినిపించి ఉంటుందని నేను అనుకున్నాను.

ఆ రాత్రి తరువాత తాతయ్య మళ్ళీ చుక్కాని పట్టలేదు. ఓడను నాన్నకు, గుండును ఒక కళాసీ కొడుక్కి ఇచ్చారు. 1958లో వచ్చిన నౌకాచట్టంలో తెరచాప ఓడలకు వేరే భాగమే పెట్టారు. కాగితాలు, నమోదు, ఎంతవరకు సరుకు వేయవచ్చో చూపే గీత, అన్నీ వచ్చాయి. అవి అవసరమైనవేనని నాన్న ఒప్పుకునేవారు. 1960ల చివర్లో డీజిలు ఇంజను పెట్టించారు. ఇంజను పెట్టిన గదిలో అంతకుముందు నూటయాభై బస్తాలు పట్టేవి. గాలి కోసం కాచుకోవలసిన పని తప్పింది కానీ, నీటి కోసం కాచుకోవడం తప్పలేదు. లారీకి పోటుతోనూ పాటుతోనూ పని లేదు. వర్తకులు ఒక్కొక్కరే లారీల వైపు వెళ్ళిపోయారు, వారిని తప్పుపట్టలేం.

తాతయ్య పోయిన రెండేళ్ళకు వాటాదారుల పిల్లలందరూ కూర్చుని పెద్దోడను తూత్తుకుడివారికి అమ్మేశారు. అక్కడ ధోనీల వర్తకం అప్పటికింకా బాగానే నడిచేది. ఓడను అప్పగించడానికి నాన్నే నడుపుకుంటూ వెళ్ళారు. తిరిగి రైల్లో వచ్చినప్పుడు చేతిలో ఒక గుడ్డసంచి, దానిలో సీసపు గుండు. కొన్నవారిని అడిగి తెచ్చుకున్నారట. తొమ్మిదేళ్ళ తరువాత అక్కడినుంచి ఉత్తరం వచ్చింది, ఓడను విప్పేశారని, టేకు ఇంకా గట్టిగానే ఉందని, ఇళ్ళ తలుపులకు కొనుక్కున్నారని. నాన్న ఆ ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, "తుమ్మకర్రల సంగతి రాశారా?" అని అడిగారు. రాయలేదు.

1996 నవంబరు 6 తుఫాను మా ప్రాంతాన్ని కబళించిన రాత్రి డెబ్బై నాలుగేళ్ళ నాన్న నిద్రపోలేదు. మా చుట్టుపక్కల రేవుల నుంచి వేటకు వెళ్ళినవాళ్ళు వందల సంఖ్యలో తిరిగిరాలేదు. నీరు మా వీధిలోకి వచ్చినప్పుడు నాన్న గుండును అరుగు మీదినుంచి జారవిడిచి, తాడు పట్టుకుని కూర్చున్నారు. తెల్లవారుజామున "తీస్తోంది" అని ఒక్క మాట అని, లోపలికి వచ్చి పడుకున్నారు.

కిందటి మాఘమాసంలో మనవణ్ణి తీసుకుని కోరంగి వెళ్ళాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవి ఇప్పుడు రెండు వందల ముప్పై అయిదు చదరపు కిలోమీటర్లు. చెట్ల మధ్య చెక్కల బాట వేశారు, పాయలో పడవ మీద తిప్పుతున్నారు. మడచెట్లు దట్టంగా ఉన్నాయి, అవి ఉప్పెనకు అడ్డుగా నిలుస్తాయి గనుక వాటిని చూసి నాకు ధైర్యం కలిగింది. పడవ నడిపే కుర్రవాడు మొగ వైపు ఒక మలుపు దగ్గర ఇంజను ఆపి, వెదురుగడ తీశాడు. "ఇక్కణ్ణుంచి మోటారు తగుల్తాదండి, గడెయ్యాల" అన్నాడు. ఆ మలుపు నాకు తెలుసు. నాన్న "బారన్నరా" అని సాగదీసేది అక్కడినుంచే.

గడ ఒకసారి నాకు ఇమ్మని అడిగాను. పెద్దవాణ్ణి గదా అని సందేహిస్తూనే ఇచ్చాడు. నిటారుగా దించాను. మెత్తని ఒండ్రు తగిలింది. పైకి తీసి తడి ఎంతవరకు ఉందో మోచేతితో కొలిచాను. మనవడు నా వైపే చూస్తున్నాడు.

"ఎంత తాతయ్యా?"

"మూడు మూరలు."

పెద్దోడ ఖాళీగా ఉంటే సరిగ్గా నిలిచేంత నీరు. గడ కొసన అంటిన మట్టిని వేలితో తీసి నలిపి చూశాను. నల్లగా ఉంది, మెత్తగా ఉంది. వాడి వేలు పట్టుకుని దాని మీద కొంచెం రాశాను.